మంచు కురిసే చలికాలంలో పెరటి పిట్టలకు ఏ ఫీడర్ పెట్టాలి, ఏ గింజ పోయాలి?

పిట్టలకి గింజలు పెట్టే ఫీడర్ కొనబోయేవాళ్ళు సాధారణంగా "ఏది పెడితే ఎక్కువ పిట్టలొస్తాయి?" అని అడుగుతారు. మంచు కురిసే చోట ఉండేవాళ్ళు ముందు అడగాల్సింది అది కాదు. బయట సున్నాకి పది డిగ్రీలు కింద ఉన్నప్పుడు, వేళ్ళు కొంకర్లు పోతుంటే, దాన్ని కొక్కెం మీంచి దించి, విప్పి, అడుగున గడ్డకట్టిన గింజలు గీకి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నింపగలరా? ఆ పని విసుగు లేకుండా జరగనిచ్చేదే మంచి ఫీడర్. ఎంత ముచ్చటగా ఉన్నా, కడగాలంటే బద్ధకం పుట్టించేదైతే జనవరి సగానికల్లా బూజు పట్టిన గింజల డబ్బా అయిపోతుంది.

ఈ ఒక్క కొలబద్ద పెట్టుకుంటే షాపులో కనిపించే సగం రకాలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి చలికాలానికి ఒక ట్యూబ్ (గొట్టం) ఫీడర్, కొవ్వు బిళ్ళ పెట్టే ఒక సూయెట్ పంజరం, ఒకే రకం గింజ చాలు. డబ్బు ఇంకా మిగిలితే నీళ్ళ ఏర్పాటుకి పెట్టండి, కెమెరాకి కాదు. ఎందుకంటున్నానో ఒక్కొక్కటే చూద్దాం.

మనం పెట్టకపోతే చచ్చిపోతాయా?

దీని మీద రెండు భయాలున్నాయి. తిండి పెట్టకపోతే పాపం ఆకలికి పోతాయని ఒకటి, పెట్టడం అలవాటు చేస్తే మనం ఊరెళ్ళినప్పుడు పోతాయని ఇంకొకటి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మార్గరెట్ బ్రిటింగ్‌హామ్, స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్తలు చికడీలు అనే చిన్నపిట్టల మీద ఈ రెండు విషయాలూ పరీక్షించి చూశారు. 1988లో వాళ్ళు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఫీడర్ ఉన్న చోట చికడీల్లో 69 శాతం చలికాలం దాటాయి, లేని చోట 37 శాతమే దాటాయి. చలి బాగా ముదిరిన నెలల్లోనే ఈ తేడా తెలిసింది, మామూలు రోజుల్లో పెద్దగా కనిపించలేదు. తర్వాత ఏళ్ళ తరబడి తిండి పెడుతూ వచ్చిన చోట ఫీడర్లు తీసేసి చూశారు. అక్కడి పిట్టలు, ఎప్పుడూ ఫీడర్ మొహం చూడని పిట్టల్లాగే బతికాయి. అంటే సోమరితనం వంటబట్టలేదు. రోజూ తినే తిండిలో ఎక్కువ భాగం అవి బయటే వెతుక్కుంటాయి, మన ఫీడర్ వాటి తిరుగుడులో ఒక మజిలీ మాత్రమే.

కాబట్టి వారం రోజులు ఊరెళ్ళాల్సి వస్తే టెన్షన్ పడక్కర్లేదు. మంచు తుఫాను వస్తుందని చెప్పినప్పుడు మాత్రం ముందురోజు సాయంత్రమే ఫీడర్ నిండుగా ఉండేలా చూసుకోండి. పది పన్నెండు గ్రాముల బరువుండే చికడీ పగలు కూడబెట్టుకున్న కొవ్వునే రాత్రంతా కరిగించుకుంటుంది. అదీ చాలక చల్లటి రాత్రుల్లో ఒంటి వేడిని పది డిగ్రీల సెల్సియస్ పైగా తగ్గించుకుని నెట్టుకొస్తుంది. అందుకే ఫీడర్ దగ్గర హడావిడి తెల్లవారగానే ఒకసారి, చీకటి పడబోయే ముందు మరోసారి కనిపిస్తుంది. గాలి పీడనం పడిపోయి తుఫాను దగ్గరపడుతున్నప్పుడు ఆ హడావిడి రోజంతా సాగుతుంది.

ట్యూబ్, ట్రే, హాపర్, పంజరం

ట్యూబ్ ఫీడర్ అంటే నిలువుగా వేలాడే పారదర్శకమైన గొట్టం. పక్కన కంతలు, ప్రతి కంత కింద వాలడానికి చిన్న పుల్ల ఉంటాయి. చలికాలానికి దీన్ని నేను ఎందుకు ముందు పెడతానంటే, గింజ లోపలే ఉంటుంది కాబట్టి మంచు నేరుగా మీద పడదు, పిట్టల రెట్ట గింజలో కలవదు, ఎంత మిగిలిందో కిటికీలోంచే కనిపిస్తుంది. చికడీలు, నట్‌హ్యాచ్‌లు, ఫించ్‌లు, యూరప్‌లో అయితే బ్లూ టిట్, గ్రేట్ టిట్ లాంటి చిన్నపిట్టలు దీని మీద హాయిగా వాలతాయి. కార్డినల్, బ్లూ జే లాంటి కాస్త పెద్దవాటికి ఆ పుల్ల చాలదు. కింద చిన్న పళ్ళెం బిగించుకుంటే కార్డినల్‌కి కుదురుతుంది గానీ, బిగించిన మరుక్షణం ట్రేకి ఉండే తిప్పలన్నీ దీనికీ మొదలవుతాయి.

ట్యూబ్ కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, అడుగు. చివరి కంత కింద ఇంకా రెండంగుళాల గొట్టం మిగిలి ఉంటే అక్కడి గింజ ఏ పిట్టకీ అందదు. తేమ దిగి, రాత్రికి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, వారానికల్లా నల్లటి ముద్ద అవుతుంది. అడుగు భాగం చేత్తో తిప్పగానే ఊడి వచ్చేది, చివరి కంత సరిగ్గా అడుగునే ఉండేది తీసుకోండి. స్క్రూడ్రైవర్ కావాల్సిన మోడల్ జోలికి వెళ్ళకండి. మంచులో నిలబడి స్క్రూలు విప్పుతూ కూర్చునే ఓపిక ఎవరికీ ఎక్కువ కాలం ఉండదు.

ఇనప పుల్ల మీద వాలితే గడ్డకట్టే చలిలో కాళ్ళు అంటుకుపోతాయేమోనని కొందరు ప్లాస్టిక్‌కే మొగ్గుతారు. ఆ భయం అక్కర్లేదు. పిట్ట కాళ్ళకి చెమట పట్టదు, మీద ఉండేది పొలుసుల్లాంటి పొడి చర్మం. అంటుకోవాలంటే తడి ఉండాలి. పైగా ఒంట్లోంచి కాళ్ళలోకి దిగే వేడి రక్తం, పైకెక్కే చల్లటి రక్తానికి దారిలోనే వేడిని ఇచ్చేస్తుంది. అందువల్ల కాళ్ళు చల్లగానే ఉంటాయి, ఒంటి వేడి మాత్రం వృథా కాదు. ఉడుతలు తిరిగే చోట ఇనుమే మేలు. ప్లాస్టిక్ కంతల్ని అవి కొరికి కొరికి పెద్దవి చేసుకుంటాయి.

ట్రే ఫీడర్‌కి ఉన్నంత ఆకర్షణ దేనికీ లేదు, ఒప్పుకోవాలి. ఏ పిట్టైనా వాలుతుంది. కార్డినల్ నిదానంగా కూర్చుని ఒక్కో గింజని ముక్కులో నాలుకతో తిప్పుకుంటూ పొట్టు ఒలుస్తుంటే రెండు పక్కలా తొక్కలు రాలడం దీనిమీదే బాగా కనిపిస్తుంది. కానీ మంచు పడితే మొదట పూడిపోయేదీ ఇదే. అంతకంటే పెద్ద ఇబ్బంది రోగాలు. తినే చోటే రెట్ట వేస్తాయి, ఒకటి ఉమ్మిన గింజని ఇంకొకటి తింటుంది. బ్రిటన్‌లో గ్రీన్‌ఫించ్‌లని ఊడ్చిపెట్టిన ట్రైకోమోనోసిస్ అనే గొంతు జబ్బు ఇలా ఉమ్మి, తడి గింజల ద్వారానే పాకుతుంది. అక్కడి పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ 2025 జనవరిలో బల్లపరుపు ఫీడర్ల అమ్మకాన్నే ఆపేసింది. కిటికీకి అతికించేవాటిలో పళ్ళెంలా ఉండేవి కూడా అందులోకి వస్తాయి. ట్రే పెట్టి తీరాలనుకుంటే అడుగు జల్లెడలా ఉన్నది తీసుకుని, సాయంత్రానికి ఖాళీ అయ్యేంతే, గుప్పెడు గింజలే వేయండి. నిండుగా పోసి వదిలేద్దామనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు.

చిన్న ఇల్లులా పైకప్పుతో ఉండే హాపర్ మధ్యస్థం అనిపిస్తుంది. కప్పు ఉంది, గింజ ఎక్కువ పడుతుంది, పెద్ద పిట్టలూ కూర్చోగలవు. నాకు మాత్రం ఇది నచ్చదు. గింజ ఎక్కువ పట్టడమే దాని లోపం. వారాల తరబడి లోపల నిలవ ఉంటుంది, కప్పు సందుల్లోంచి మంచు నీరు దిగుతుంది, చెక్కదైతే తడి పీల్చుకుని మూలల్లో బూజు పడుతుంది. అది మీ కళ్ళకి కనిపించదు కూడా. ఊళ్ళో కంటే ప్రయాణాల్లోనే ఎక్కువ ఉండేవాళ్ళు "ఒకసారి నింపితే నెల చూడక్కర్లేదు" అని హాపర్ కొంటారు. నెల చూడకుండా వదిలేయాల్సినదే అయితే అసలు పెట్టకపోవడం మేలు.

ఇక సూయెట్ పంజరం. అరచేయంత తీగల పెట్టె, లోపల కొవ్వు బిళ్ళ. అన్నిటికంటే చవక, అన్నిటికంటే తక్కువ చాకిరీ, చలికాలంలో అన్నిటికంటే బలమైన తిండి. వేసవిలో కరిగి ఈకలకి అంటుకునే ఈ కొవ్వు, చలిలో రాయిలా గట్టిగా ఉంటుంది, పాడవదు. డౌనీ వడ్రంగిపిట్ట తోకని కింద ఆనించి, ఆ ఆసరాతో వెనక్కి వాలి, టకటకమని పొడుస్తూ పది నిమిషాలు కదలకుండా ఉంటుంది. కొత్తగా చూడటం నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు, ఎందుకంటే మిగతావి క్షణం నిలవవు. పంజరం కింద చెక్క పొడవుగా దిగి ఉన్నది తీసుకుంటే తోక ఆనించడానికి వీలుగా ఉంటుంది. స్టార్లింగ్‌లు గుంపులుగా వచ్చి గంటలో బిళ్ళ ఖాళీ చేస్తుంటే, అడుగు వైపు నుంచి మాత్రమే తినేలా ఉన్న తలకిందుల పంజరానికి మారండి. వడ్రంగిపిట్టకి, నట్‌హ్యాచ్‌కి తలకిందులుగా వేలాడటం లెక్కే కాదు, స్టార్లింగ్‌లకి మహా కష్టం.

సూయెట్ అంటే పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. అది ఇంట్లోకి తేవడం ఇష్టం లేనివాళ్ళు ఉప్పులేని పల్లీల వెన్నలో మొక్కజొన్న పిండి కలిపి, గట్టి ముద్ద చేసి, అదే పంజరంలోనో చెట్టు బెరడు సందుల్లోనో పెట్టొచ్చు. లేదంటే తీగల గొట్టంలో ఉప్పులేని పల్లీలు పోసి వేలాడదీయండి, దాదాపు అవే పిట్టలు వస్తాయి.

కిటికీ అద్దానికి రబ్బరు మూతులతో అతుక్కునే ఫీడర్ల గురించి ఒక్కమాట. చూడటానికి ఇంత దగ్గరగా ఇంకేదీ ఉండదు, పిట్ట కనురెప్ప కూడా కనిపిస్తుంది. కానీ గింజ కొంచెమే పడుతుంది, గడ్డకట్టే చలికి రబ్బరు బిగుసుకుని పట్టు వదిలేస్తుంది. అద్దాన్ని తుడిచి, రబ్బరుని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి అతికిస్తే కొంత నయం. ఇంట్లోంచి కదల్లేని పెద్దవాళ్ళున్న ఇంటికి ఇదే నా మొదటి ఎంపిక, రోజూ కడిగేవాళ్ళు ఇంట్లో ఉంటే.

గింజల్లో ఏది?

ఒక్కటే కొనాలంటే నల్ల పొద్దుతిరుగుడు గింజ, కళ్ళు మూసుకుని. తొక్క పలచన, నూనె ఎక్కువ, చిన్న ముక్కులకీ పెద్ద ముక్కులకీ సరిపోతుంది. చారల పొద్దుతిరుగుడు కూడా మంచిదే, కాకపోతే తొక్క మందం. ఇంటి పిచ్చుకలు మందలుగా వచ్చి మిగతావాటిని తరిమేస్తుంటే, ఆ మందం తొక్కే పనికొస్తుంది. దాన్ని పగలగొట్టలేక అవి కాస్త వెనక్కి తగ్గుతాయి.

తొక్క తీసిన పొద్దుతిరుగుడు పప్పు కొంటే కింద చెత్త పడదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టేవాళ్ళకి అది పెద్ద ఊరట, కింది ఇంటివాళ్ళతో గొడవ ఉండదు. అయితే తొక్క లేని పప్పు తడిస్తే రెండు మూడు రోజుల్లోనే పాడవుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగానే పోయాలి.

కుసుమ గింజలు కొంచెం ప్రత్యేకం. కార్డినల్, గువ్వలు, చికడీలు తింటాయి, గ్రాకిల్‌లు, స్టార్లింగ్‌లు, చాలా ఉడుతలు వీటికి మొహం చిట్లిస్తాయి. రౌడీమూకతో విసిగిపోయినవాళ్ళకి ఇది రెండో చలికాలపు ఎంపిక. "మా ఉడుతలు ఇది కూడా తింటున్నాయి" అని ఎవరైనా అంటే నమ్మండి. ఆకలి ముందు ఏ నియమమూ నిలవదు.

నైజర్ పేరుతో అమ్మేవి వలిసెలు. గోల్డ్‌ఫించ్, పైన్ సిస్కిన్, రెడ్‌పోల్ లాంటి సన్నముక్కు పిట్టలకి ప్రాణం. సన్నటి కంతలున్న ప్రత్యేకమైన గొట్టమో, గుడ్డ సంచో కావాలి. అమెరికాకి వచ్చేవాటిని మొలకెత్తకుండా వేడి చేసి పంపుతారు. నూనె ఎండిపోతే పిట్టలు ముట్టుకోవు. గింజల్ని గోటితో నొక్కితే నూనె మరక పడాలి, పడకపోతే ఆ సంచి పాతదని లెక్క. ఖరీదు ఎక్కువ, తడి తగిలితే ముద్దకడుతుంది. మీ చుట్టుపక్కల గోల్డ్‌ఫించ్‌లు తిరుగుతున్నాయని కళ్ళారా చూశాకే కొనండి, వాటిని రప్పిద్దామన్న ఆశతో కాదు. అవి పొద్దుతిరుగుడు కూడా తింటాయి. ఉత్తరపు అడవుల్లో చెట్ల విత్తనాలు సరిగ్గా కాయని ఏడాది సిస్కిన్‌లు, రెడ్‌పోల్‌లు గుంపులు గుంపులుగా దక్షిణానికి దిగుతాయి, ఆ చలికాలం మాత్రం వలిసెల ఖర్చు పెట్టిన దానికి పదింతలు ముట్టినట్టే.

తెల్ల వరిగెలు నేల మీద తినేవాటికి, ముఖ్యంగా జుంకోలకి. జుంకో ఎదురుగా ఉన్న మంచులోకి ఒక్క గెంతు వేసి, రెండు కాళ్ళతో వెనక్కి గీకి, కింద ఏమైనా ఉందా అని చూస్తుంది. ఆ గెంతు చూడటానికైనా నాలుగు వరిగెలు చల్లొచ్చు. వీటిని ఫీడర్‌లో పోయకండి, పొద దగ్గర మంచు ఊడ్చిన చోట గుప్పెడు చల్లితే చాలు.

రకరకాల గింజలు కలిపి చవకగా అమ్మే సంచుల్ని మాత్రం వదిలేయండి. వాటిలో ఎర్ర జొన్నలు, గోధుమలు ఎక్కువ. ఫీడర్‌కొచ్చే చిన్నపిట్టల్లో చాలావాటికి అవి అక్కర్లేదు. తమకి కావల్సిన పొద్దుతిరుగుడు కోసం మిగతావన్నీ ముక్కుతో విసిరి కింద పారబోస్తాయి. కింద పడింది తడిసి, మొలకెత్తి, ఎలుకల్ని పిలుస్తుంది. సంచి ధర తక్కువే గానీ పిట్ట కడుపులోకి చేరిన గింజ లెక్కన చూస్తే అదే ఖరీదు. బ్రెడ్డు ముక్కలూ అంతే, కడుపు నిండుతుంది, బలం రాదు. ఉప్పు తగిలినవి ఏవీ పెట్టకూడదు.

నీళ్ళ మాట

అంతా గడ్డకట్టిన రోజున ఫీడర్ కంటే నీళ్ళ గిన్నెకే ఎక్కువ గిరాకీ. గింజలు అసలు తినని పిట్టలు కూడా నీళ్ళకి వస్తాయి. హీటర్ ఉన్న గిన్నె పెట్టడం ఒక పద్ధతి, కరెంటు తీగ బయటికి లాగాలి, అంతే. ఆరుబయట వాడటానికి తయారైన తీగ, షాక్ కొట్టకుండా ఆపే ప్లగ్ పాయింటు తప్పనిసరి. రెండోది, పొద్దున్నే ఒకసారి వెచ్చని నీళ్ళు పోయడం. ఖర్చు లేదు, కానీ గంటా రెండు గంటల్లో గడ్డకడుతుంది. రెండోదాన్ని పది రోజులకి మించి ఓపికగా చేసేవాళ్ళు తక్కువ, అందుకే మొదటిదే కొనమంటాను. నీళ్ళు గడ్డకట్టకుండా ఉప్పు, గ్లిజరిన్, కారులో పోసే ద్రవం లాంటివి కలపడం పిట్టల్ని చంపడమే.

ఎక్కడ వేలాడదీయాలి

కిటికీకి మూడడుగుల లోపల, లేదా ముప్పై అడుగులకి అవతల. మధ్య దూరాలు ప్రమాదం. దగ్గరగా ఉంటే బెదిరి ఎగిరిన పిట్టకి వేగం అందుకోవడానికి చోటుండదు కాబట్టి అద్దానికి తగిలినా బతుకుతుంది. పదిహేను అడుగుల దూరంలో ఉంటే పూర్తి వేగంతో వచ్చి గుద్దుకుంటుంది. అమెరికాలో ఏటా అద్దాలకి గుద్దుకుని చచ్చిపోయే పిట్టలు 36 కోట్ల నుంచి 99 కోట్ల దాకా ఉంటాయని 2014లో వచ్చిన ఒక అంచనా, అందులో ఇళ్ళ కిటికీల వాటా తక్కువేమీ కాదు. ఫీడర్‌కి ఎదురుగా ఉన్న అద్దానికి బయటి వైపు, రెండేసి అంగుళాల దూరంలో చుక్కలు అతికిస్తే చాలావరకు ఆగుతుంది. డేగ బొమ్మ ఒక్కటి అతికించి చేతులు దులుపుకుంటే లాభం లేదు. దాని పక్కన మిగిలిన అద్దం పిట్టకి ఖాళీ ఆకాశంలాగే కనిపిస్తుంది.

డేగ మాటొచ్చింది కాబట్టి, పొదలు పది అడుగుల దూరంలో ఉంటే మంచిది. డేగ వస్తే దాక్కోవడానికి అందేంత దగ్గర, పిల్లి పొంచి ఉండి దూకడానికి అందనంత దూరం. కూపర్స్ హాక్ అనే డేగ మీ పెరట్లో కాపు కాస్తోందంటే రెండు మూడు రోజులు ఫీడర్ తీసేయండి, అది వేరే చోటికి వెళ్తుంది. అలా తీసేయడం ఇష్టం లేకపోతే ఆ వేటని కూడా చూడటంలో భాగమనుకోవాలి. దానిదీ చలికాలపు ఆకలే.

ఉడుతలకి చాలామంది చెప్పే లెక్క ఒకటుంది: స్తంభం మీద ఫీడర్ నేలకి అయిదడుగుల పైన, చెట్టు, కంచె లాంటివాటికి ఏడడుగుల దూరంలో, పైనున్న కొమ్మకి తొమ్మిదడుగుల కింద ఉండాలి. స్తంభానికి గంటలాంటి అడ్డు బిగించాలి. ఈ లెక్క కుదిరే పెరడు ఉంటే మామూలు ట్యూబే చాలు. చిన్న పెరట్లో కుదరదు. అప్పుడు రెండు దారులు: ఉడుత బరువుకి కంతలు మూసుకుపోయే ఫీడర్, లేదా కారం పట్టించిన గింజలు. మిరపకాయ ఘాటు పిట్టలకి తెలియదు, ఉడుతలకి నషాళానికంటుతుంది. కారం గింజలు గాలికి మన కళ్ళలోనూ పడతాయి, అందుకని నేను బరువుకి మూసుకునే ఫీడర్‌కే ఓటేస్తాను. మంచు పేరుకుని దాని స్ప్రింగ్ బిగుసుకుపోతుంటుంది, అప్పుడప్పుడూ ఒక తట్టు తట్టాలి. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల అవి నిద్రకి వెళ్ళేదాకా, అంటే చలి బాగా ముదిరేదాకా, ఏ ఫీడరూ పెట్టకూడదు. నిద్ర లేచే వేళకి తీసేయాలి.

కడగడం

రెండు వారాలకోసారి. ముందు సబ్బునీళ్ళతో తోమి, తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరాక నింపాలి. ఆరడమే చలికాలంలో అసలు చిక్కు, బయట ఏదీ ఆరదు. అందుకే ఖరీదైన ఒక్క ఫీడర్ కంటే మామూలువి రెండు ఒకేలాంటివి కొనమంటాను. ఒకటి లోపల ఆరుతుంటే ఒకటి బయట వేలాడుతుంది.

ఒక పిట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, మిగతావన్నీ ఎగిరినా కదలకుండా కూర్చుందంటే అది ముద్దుగా ఉండటం కాదు, జబ్బు. హౌస్ ఫించ్‌లకి కళ్ళు వాచి పుసులు కట్టే రోగాన్ని అమెరికా తూర్పు తీరంలో 1994 ప్రాంతంలో మొదట గుర్తించారు. అది ట్యూబ్ కంతల అంచులకి కళ్ళు రాసుకోవడం వల్ల కూడా అంటుకుంటుంది. ట్యూబ్ అయినంత మాత్రాన శుభ్రమని కాదు. 2020-21 చలికాలంలో సిస్కిన్‌లలో సాల్మొనెల్లా పాకినప్పుడు అమెరికాలో పలుచోట్ల అధికారులు ఫీడర్లు దించేయమని చెప్పారు. జబ్బు పిట్ట కనిపిస్తే మీరూ అదే చేయండి: రెండు వారాలు అన్నీ దించి, కడిగి, కింద రాలిన గింజలు ఊడ్చేసి, తర్వాతే మళ్ళీ పెట్టండి.

బైనాక్యులర్సా, కెమెరా ఫీడరా?

మూడడుగుల దూరంలో ఫీడర్ ఉంటే ఏదీ అక్కర్లేదు, కుర్చీ చాలు. ముప్పై అడుగుల అవతల ఉంటే 8x42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి. 10x ఎక్కువ దగ్గరికి లాగుతుందని మోజుపడతారు గానీ చేతి వణుకునీ, కిటికీ అద్దంలోని లోపాన్నీ కూడా అంతే పెద్దవి చేస్తుంది. 42 మిల్లీమీటర్ల అద్దం మసక వెలుతురుని బాగా పట్టుకుంటుంది. కార్డినల్ ఫీడర్‌కి తరచుగా వచ్చేది తెల్లవారుజామున, చీకటి పడే వేళ కాబట్టి అది అవసరం. చూసేటప్పుడు కిటికీ తెరవకండి. వెచ్చని గాలి బయటికి పోతూ బొమ్మని అలలా వణికిస్తుంది. అద్దం శుభ్రంగా తుడుచుకుని, అద్దానికి నిటారుగా చూడండి.

కెమెరా ఉన్న ఫీడర్లు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. పిట్ట వాలగానే ఫోన్‌కి ఫొటో, పేరు వస్తాయి. పగలంతా ఆఫీసులో ఉండేవాళ్ళకి, చలికాలంలో వెలుతురు ఉన్నప్పుడు ఇంట్లో ఉండనివాళ్ళకి నిజంగా పనికొచ్చేవే. అయితే మూడు సంగతులు చూసుకోవాలి. వీటిలో ఉండే లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేయకూడదు, కాబట్టి సోలార్ పలక ఉన్నా జనవరిలో బ్యాటరీని లోపలికి తెచ్చి చార్జ్ చేయాల్సిందే. మంచు కప్పిన పలక ఎలాగూ పనిచేయదు. రెండు, ఇంటి వైఫై పెరటి దాకా అందాలి. మూడు, వీటిలో చాలావరకు తిండి పళ్ళెంలా ఉంటుంది, ట్రే గురించి చెప్పినవన్నీ వీటికీ వర్తిస్తాయి. అది చెప్పే పేరుని కూడా గుడ్డిగా నమ్మకండి. డౌనీ వడ్రంగిపిట్టకీ హెయిరీ వడ్రంగిపిట్టకీ రంగుల్లో తేడా దాదాపు లేదు, ముక్కు పొడవు చూడాలి. డౌనీ ముక్కు తలలో సగం కంటే పొట్టి, హెయిరీది దాదాపు తలంత పొడవు. ఆ తేడా పక్కనుంచి చూస్తే ఇట్టే తెలుస్తుంది, ఎదురుగా తీసిన ఫొటోలో మాయమవుతుంది.

చూసింది రాసి పంపాలనుకుంటే

నాలుగు పెద్ద లెక్కింపులున్నాయి, మీ తీరికని బట్టి ఎంచుకోండి. అమెరికా, కెనడాలో ఉండి చలికాలమంతా చూడగలిగితే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్. 1976లో ఒంటారియోలో మొదలైన లెక్కింపు 1987 నుంచి ఖండమంతటికీ విస్తరించింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, మీకు వీలైన వారాల్లో వరసగా రెండు రోజులు చూస్తే చాలు. బ్రిటన్‌లో అయితే ఆర్‌ఎస్‌పీబీ వారి బిగ్ గార్డెన్ బర్డ్‌వాచ్, 1979 నుంచి జనవరి చివరి వారాంతంలో జరుగుతోంది, ఒక్క గంట చాలు. ఎక్కడున్నా సరే చేరగలిగేది ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్, పదిహేను నిమిషాలు చూసినా లెక్కే. 1900లో మొదలైన క్రిస్మస్ బర్డ్ కౌంట్ అన్నిటికంటే పాతది, కానీ ముందుగా స్థానిక నిర్వాహకులతో మాట్లాడుకోవాలి, మీ ఇల్లు వాళ్ళు గీసుకున్న వృత్తంలో పడితేనే పెరట్లోంచి చేరే వీలుంటుంది. కొత్తవాళ్ళకి ఫిబ్రవరిదే సులువు. ఒకసారి అలవాటయ్యాక ఫీడర్‌వాచ్‌కి వెళ్ళండి, చలి పెరిగేకొద్దీ ఏవి వచ్చాయో ఏవి తగ్గాయో అందులోనే తెలుస్తుంది.

ఫీడర్‌వాచ్‌లోనూ, బిగ్ గార్డెన్ బర్డ్‌వాచ్‌లోనూ లెక్కపెట్టే పద్ధతి ఒకటే. పొద్దున మూడు చికడీలు, మధ్యాహ్నం నాలుగు, సాయంత్రం రెండు కనిపిస్తే తొమ్మిది అని రాయకూడదు, నాలుగు అని రాయాలి. ఒకేసారి కళ్ళెదుట కనిపించిన వాటిలో పెద్ద సంఖ్యే లెక్క. చికడీ ఒక్కో గింజ తీసుకుని కొమ్మ మీదకి ఎగిరిపోయి, కాళ్ళ మధ్య నొక్కిపెట్టి పొడుచుకు తిని మళ్ళీ వస్తుంది కాబట్టి, ఒక్క పిట్టే గంటలో ఇరవైసార్లు కనిపించొచ్చు.